61.6 : బొంబాయి చావుల పట్టికలో మనవాళ్లు (మహమ్మారులూ వాడలూ - 4వ భాగం)



పోయిన భాగంలో కలరా గురించి, మా తెలంగాణలో పెద్దవాళ్లు గత్తర అని పిలిచే ఆ రోగం గురించి రాశాను. మీలో చాలామంది మీ నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పిన సంగతులు పంపారు. అన్నీ దాచి పెట్టుకున్నాను, ముందు ముందు వాడతాను. ఈ వారం 1918కి వస్తున్నాను. ఆ ఏడాది గురించి చదివేటప్పుడు నన్ను పట్టుకుని వదలని ఒక అంకె ఉంది. దాని చుట్టూనే ఈ వ్యాసం.

61.6.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు బొంబాయి నగరంలో ‘తక్కువ కులాల హిందువులు’ అని ప్రభుత్వం రాసుకున్నవాళ్లలో ప్రతి వెయ్యి మందికి చనిపోయినవాళ్లు 61.6 మంది. మిగతా హిందువుల్లో వెయ్యికి 18.9. ముస్లింలలో 19.2. భారతీయ క్రైస్తవుల్లో 18.4. యూదుల్లో 14.8. ఆంగ్లో ఇండియన్లలో 11.9. పార్సీల్లో 9. యూరోపియన్లలో 8.3.

ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే వైరస్. యూరోపియన్లలో 120 మందికి ఒకరు పోతే, మనవాళ్లలో పదహారు మందికి ఒకరు పోయారు.

అప్పటికి అది వైరస్ అని ఎవరికీ తెలియదు. మనిషికి వచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను శాస్త్రవేత్తలు పట్టుకున్నది 1933లో. 1918 డాక్టర్లు ఒక బాక్టీరియాను అనుమానిస్తూ కూర్చున్నారు. అందుకే ఆ ఏడాది జనం భయాన్ని ఇప్పుడు మనం ‘మూఢత్వం’ అని తీసిపారేయకూడదు. తెలిసినవాడు ఎవడూ లేడు. డాక్టరుకూ తెలియదు, కలెక్టరుకూ తెలియదు.

రోగం సముద్రం మీద నుంచి దిగింది. మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి ఏడాది. మే నెలాఖరులో సైనికులతో వచ్చిన ఓడ ఒకటి బొంబాయి రేవులో ఆగింది. జూన్ 10న రేవులో కాపలా కాసే ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. మలేరియా కాదు, మరేదో అర్థం కాలేదు. తర్వాత రేవు ట్రస్టు పనివాళ్లు, బ్యాంకు గుమాస్తాలు, టెలిగ్రాఫ్ ఆఫీసువాళ్లు, టంకశాలవాళ్లు, మిల్లు కార్మికులు వరసగా పడిపోయారు. జూన్, జులైల్లో వచ్చిన ఈ మొదటి అల చంపింది కొంతమందినే. ఆ తర్వాత తగ్గింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. సెప్టెంబర్‌లో తిరిగి వచ్చింది. ఈసారి వచ్చింది వేరే స్వభావంతో. అక్టోబర్ 6న ఒక్కరోజే బొంబాయిలో 768 మంది చనిపోయారు. ఎక్కువగా పోయినవాళ్లు ముసలివాళ్లు, పసిపిల్లలు కారు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్యవాళ్లు, అంటే ఇంటికి కూలి తెచ్చేవాళ్లు.

నగర ఆరోగ్య అధికారి టర్నర్. రోగం రాత్రిపూట దొంగలా వచ్చిందన్నాడు. ఓడలో సైనికులకు ఇది బొంబాయిలోనే అంటిందని కూడా వాదించాడు. భారతీయులకు శుభ్రత లేదు, అందుకే ఇంత పాకిందన్నది పాలకుల ధోరణి. పత్రికలు ఎదురు తిరిగాయి, రేవులో ఓడను ఎందుకు ఆపలేదని అడిగాయి. ఆ గొడవ మనకు ఇప్పుడు కొత్తగా అనిపించదు. రోగం ఎవడు తెచ్చాడు అన్న ప్రశ్న, రోగికి ఎవడు నీళ్లు ఇస్తాడు అన్న ప్రశ్నను ఎప్పుడూ మింగేస్తుంది. 2020 మార్చి, ఏప్రిల్‌లలో తబ్లీగీ పేరు మీద ముస్లిం కూరగాయల బండ్లను వీధుల్లోకి రానివ్వని రోజులు మీలో ప్రతి ఒక్కరికీ గుర్తే.

ఇక రోజువారీ బతుకు సంగతి.

1918లో నైరుతి రుతుపవనాలు దెబ్బతిన్నాయి. వానలు లేవు. యుద్ధం వల్ల రైలు వ్యాగన్లు సైన్యానికి పోయాయి. తిండిగింజలు, బట్ట, కిరసనాయిలు ధరలు కూలివాడికి అందకుండా పోయాయి. మద్రాసు నగరంలో సెప్టెంబర్‌లో జనం బియ్యం కొట్లు, బట్టల దుకాణాలు లూటీ చేశారు. ఆ లూటీలు జరిగిన నెలలోనే రెండో అల మొదలైంది. ఈ రెండూ పుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి, కానీ బతికినవాళ్లకు ఆ రెండూ ఒకే నెల. కడుపులో గంజి లేనివాడి ఒంట్లోకి ఆ జ్వరం దిగింది.

డాక్టర్లలో చాలామంది యుద్ధానికి వెళ్లిపోయారు. ఉన్న ఆసుపత్రులు చాలవు. సహాయం చేసింది ఎక్కువగా స్వచ్ఛంద సంఘాలు. ఇది గొప్ప విషయమే, చాలా పుస్తకాలు దీన్ని మెచ్చుకుంటూ రాశాయి. నేనూ కాదనను. అయితే ఆ రోజుల్లో బొంబాయిలో దానధర్మం చాలావరకు కులం దారిలో నడిచేది. అంతకుముందు ప్లేగు కాలంలోనే ఏ సమాజానికి ఆ సమాజం తమ ఆసుపత్రి తాము పెట్టుకున్నాయి. డబ్బున్న వ్యాపార కులానికి ఆసుపత్రి ఉంటుంది, మందులు ఉంటాయి, పాలు పంచే కుర్రాళ్లు ఉంటారు. వెట్టి మహర్‌కు, పాకీ పని చేసేవాడికి అలాంటి కులం డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది? అందరూ ‘తమవాళ్లను’ చూసుకున్నప్పుడు, చూసుకునేంత ఉన్నవాళ్లు ఎవరూ లేని కులం ఏమవుతుంది? ఏమవుతుందో పైన చెప్పిన అంకె చెబుతోంది.

గదుల సంగతి కూడా చూడాలి. 1911 జనాభా లెక్కల నాటికి బొంబాయిలో పదిమందిలో దాదాపు ఏడుగురు ఒంటి గది ఇళ్లలో ఉండేవాళ్లు. ఒక్కో గదికి సగటున నలుగురైదుగురు. చాల్ అంటే ఏమిటో చూడనివాళ్లకు చెబుతాను: పొడుగాటి వరండా, దాని వెంట వరసగా గదులు, ఒక అంతస్తుకంతటికీ కలిపి ఒక నల్లా, కలిపి పాయిఖానాలు. గుంపుల్లోకి పోకండి, గాలి ఆడేచోట పడుకోండి, రోగిని విడిగా ఉంచండి అన్న సలహా మలబార్ హిల్ బంగళాకు బాగానే పనికొస్తుంది. ఒంటి గదిలో రోగిని విడిగా ఉంచడమంటే మిగతావాళ్లు వరండాలో పడుకోవడమే. పదహారు మందికి ఒకరు అంటే, ఆ సగటు లెక్కన చూస్తే, ప్రతి మూడు నాలుగు గదులకూ ఒక శవం. ఒక అంతస్తులో ఎన్ని గదులుంటాయో మీరే ఊహించుకోండి.

ఆడవాళ్ల మాట. మన దేశంలో 1918లో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ చనిపోయారు. చాలా దేశాల్లో అలా జరగలేదు. జ్వరంతో ఉన్నవాళ్లకు సేవ చేసింది వాళ్లు, ఆఖర్న మిగిలింది తిన్నది వాళ్లు, తమకు జ్వరం వచ్చినా నీళ్ల బిందె మోసింది వాళ్లు. మా వాడలో ఈ మాట ఎవరికీ వివరించక్కర్లేదు.

దేశం మొత్తం మీద ఎంతమంది పోయారన్న దాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. కోటీ 20 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా అంచనాలు ఉన్నాయి. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంతమంది పోలేదు. 1911లో ఇప్పటి భారత సరిహద్దుల లెక్కన 25.2 కోట్లున్న జనాభా 1921కి 25.1 కోట్లకు తగ్గింది. మన జనగణన చరిత్రలో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. ఎక్కువ దెబ్బతిన్న ప్రాంతాల్లో బొంబాయి రాష్ట్రం, మధ్య పరగణాలు, బేరార్ ఉన్నాయి. మహర్ల జనాభా దట్టంగా ఉన్న నేలలు కూడా అవే అని అంబేడ్కర్‌ను చదివినవాళ్లకు తెలుసు. బొంబాయి మనకు పరాయి ఊరు కూడా కాదు. కామాఠిపురా అన్న పేరే నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. పద్మశాలీలు మిల్లుల్లో ఉన్నారు.

ఇప్పుడు ఆ పట్టికను ఇంకోసారి చూడండి. విద్యార్థి మిత్రులు ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే మీకు క్లాసులో, హాస్టల్లో ఎదురయ్యే ఒక వాదనకు జవాబు ఇందులోనే ఉంది.

2020లో ఒక ప్రచారం గట్టిగా నడిచింది. మన పూర్వీకులు మడి, ఆచారం ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందా, ముట్టుకోకుండా దండం పెట్టడం ఎంత సైన్సో చూశారా అని. అంటరానితనాన్ని కూడా ‘ఆరోగ్య సూత్రం’ అని సర్ది చెప్పిన పెద్దమనుషులు కనిపించారు. సరే, లెక్కలోకి వెళదాం. మడి కట్టుకునే హిందువుల్లో 18.9 మంది పోయారు. మడి అంటే ఏమిటో తెలియని యూరోపియన్లలో 8.3. పార్సీల్లో 9. మడి మనిషిని కాపాడి ఉంటే ఈ వరస తలకిందులు కావాలి. ఇక ఊరంతా దూరం పెట్టిన మనవాళ్లలో 61.6. ముట్టుకోకపోవడమే మందు అయితే, ఈ దేశంలో అందరికంటే తక్కువగా ముట్టుకోబడిన మనం అందరికంటే ఎక్కువగా ఎందుకు చచ్చాం? గది, తిండి, నీళ్లు, చూసుకునే మనిషి - ఈ నాలుగూ ఉన్నవాడు బతికాడు. దూరం పెట్టడం వల్ల ఈ నాలుగూ మనకు అందకుండా పోయాయి.

మన భాష సంగతి చూడండి. అంటురోగం, అంటరానివాడు - రెండింట్లోనూ ఉన్నది ఒకటే ‘అంటు’. రోగం అంటుతుంది కాబట్టి దూరం ఉండాలి, మనిషి అంటుతాడు కాబట్టి దూరం పెట్టాలి. కరోనా వచ్చినప్పుడు పేపర్లు, టీవీలు ‘సామాజిక దూరం’ అని పొద్దున్నుంచి రాత్రి దాకా వాయించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మంచిదని చెప్పింది. మనవాళ్లు ఎందరో అదే అడిగారు. మన టీవీలు వినలేదు. సామాజిక దూరం మాకు కొత్తగా నేర్పక్కర్లేదు, ఊరికి మా వాడకు మధ్య అది ఎప్పటి నుంచో కొలిచిపెట్టి ఉంది అని అప్పట్లో నేను ఒక పోస్టు పెడితే, ‘ఇప్పుడు కూడా కులమేనా’ అని తిట్టినవాళ్లు చాలామంది.

ఇప్పుడు ఇరవై రెండేళ్లు వెనక్కి, ప్లేగుకు వెళ్లి రావాలి. ప్లేగు వైరస్ కాదు, బాక్టీరియా. కానీ 1918 బొంబాయిని తయారు చేసింది ఆ ప్లేగే.

1896 సెప్టెంబర్‌లో మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ వీగాస్ ప్లేగును గుర్తించాడు. నగరం నుంచి లక్షల మంది పారిపోయారు. ఎనిమిదిన్నర లక్షల జనాభాలో 1897 మొదలయ్యేసరికి సగానికి దగ్గరగా ఖాళీ అయింది. ఆసుపత్రికి తీసుకుపోతే చంపేస్తారని పుకారు. అక్టోబర్ 29న దాదాపు వెయ్యి మంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారు. ఆ సమయంలో మున్సిపల్ కమిషనర్ స్నోను అన్నింటికంటే భయపెట్టింది ఏమిటో తెలుసా? హలాల్‌ఖోర్లు, అంటే పాకీ పనివాళ్లు, ఊరు వదిలిపోతారేమో అన్నది. వాళ్లు పోతే బొంబాయి మొత్తం పెద్ద పెంటకుప్ప అవుతుందన్న అర్థంలో తన నివేదికలో రాశాడు. వాళ్లు బెదిరిపోకూడదనే కొన్ని కఠినమైన ప్లేగు నియమాలను సడలించారు. దానికి ఆరేళ్ల ముందే, 1890లో, ఈ పనివాళ్లు నోటీసు ఇవ్వకుండా పని మానితే నేరం అని బొంబాయిలో చట్టం ఉంది. మిగతా నగరానికి పారిపోయే హక్కు ఉంది. శుభ్రం చేసేవాడికి లేదు. కరోనాలో కాళ్లు కడిగి, దండలు వేసి ఫోటోలు దిగినప్పుడు నాకు ఈ చట్టమే గుర్తొచ్చింది. దండ వేసినవాడు గ్లవ్స్ ఇచ్చాడా, జీతం పెంచాడా, పర్మినెంట్ చేశాడా?

ప్లేగు నుంచి మన పాఠ్యపుస్తకాలు ఏం గుర్తు పెట్టుకున్నాయి? పూణేలో సోదాల పేరుతో సైనికులు ఇళ్లలోకి చొరబడటం, ప్లేగు అధికారి రాండ్‌ను 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు కాల్చడం, తిలక్‌కు రాజద్రోహం శిక్ష. సైనికుల దౌర్జన్యం నిజమే. దాన్ని తక్కువ చేయను. కానీ అదే ఏడాది అదే పూణేలో మార్చి 10న సావిత్రీబాయి ఫూలే చనిపోయింది. ప్లేగు సోకిన ఒక మహర్ పిల్లవాణ్ణి ముంఢ్వా నుంచి భుజాన వేసుకుని, కొడుకు యశ్వంత్ నడిపే చికిత్సా కేంద్రానికి మోసుకుపోయింది. ఆ రోగమే ఆమెకూ అంటింది. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. నేను స్కూల్లో చదివిన సాంఘికశాస్త్రం పుస్తకంలో తుపాకీ ఉంది, ఈ భుజం లేదు.

ప్లేగు తర్వాత మురికివాడలు పడగొట్టి, ఊరు బాగు చేయడానికి 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. అది కట్టిన దానికంటే కూల్చింది ఎక్కువ. కూల్చిన ఇళ్లలోని పేదలు పక్క పేటల్లో ఇంకా ఇరుక్కున్నారు. 1918 నాటి ఇరుకు గదుల వెనక ఈ ‘ఇంప్రూవ్‌మెంట్’ ఉంది. కట్టిన కొద్ది చాళ్లలో ఒకటి పరేల్‌లో ఉంది. అందులో రెండు గదుల్లో ఉన్న కుటుంబం బాబాసాహెబ్‌ది.

ఆ ఏడాది ఆయన ఎక్కడున్నాడో చూడండి. 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చాడు. బరోడాలో ఉద్యోగానికి పోతే ప్యూన్లు ఫైళ్లు విసిరేశారు, పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. తిరిగి బొంబాయి చేరాడు. 1918 నవంబర్‌లో, నగరంలో చావుల లెక్క ఇంకా పూర్తిగా తగ్గకముందే, సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరాడు. ప్రొఫెసర్ల గదిలో ఉన్న కుండలో నీళ్లు ఆయన తాగకూడదని తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఊపిరితో పాకే రోగం ఊరంతా చంపుతున్న రోజుల్లో ఆ మేధావులకు భయం వేసింది ఒక అంటరానివాడి చెయ్యి కుండకు తగలడం గురించి! నేను ఈ సంగతి మీటింగుల్లో చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలు తలలెత్తుతారు.

రెండు నెలల తర్వాత, 1919 జనవరి 27న, ఆయన సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యం ఇచ్చాడు. అంటరానివాళ్లకు ఓటు, విడి ప్రాతినిధ్యం కావాలని అడిగాడు. ఆ సాక్ష్యాన్ని చదివేటప్పుడు చాలామంది దాన్ని రాజ్యాంగ సంస్కరణల వరసలోనే చదువుతారు. దాని పక్కన ఆ శీతాకాలపు బొంబాయి పట్టికను కూడా పెట్టుకుని చదవమని నా కోరిక.

ఒక పక్క మాట. 1918లో గాంధీకి స్పానిష్ ఫ్లూ వచ్చి తగ్గిందని వాట్సాప్‌లో, కొన్ని పేపర్లలో కూడా తిరుగుతూ ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టు నుంచి ఆయన్ను మంచం పట్టించింది జిగట విరేచనాలు. గాంధీతో మనకు ఎన్ని విభేదాలున్నా సరే, తప్పు ఫార్వర్డ్‌ను మనం పంపకూడదు. మనకు ఉన్న ఆయుధం లెక్క ఒక్కటే. అది తప్పైతే ఇంకేం లేదు.

ఇక 2020. అందరం చూసిందే కాబట్టి పెద్దగా రాయను. ప్రభుత్వాలు తీసిన చట్టం 1897 ప్లేగు నాటి అంటువ్యాధుల చట్టమే. మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధితో లాక్‌డౌన్ వచ్చింది. మన ఊళ్లలో రోడ్లకు అడ్డంగా ముళ్లకంప వేశారు. మా ఊళ్లో కంప వేసిన చోటు ఊరికీ వాడకూ మధ్య ఉన్న మూలమలుపు. రేషన్ షాపు ఊరివైపు, మేం ఇవతల. ‘ఇది కరోనా కంపనా, పాత కంపనా’ అని మా పెద్దమ్మ అడిగితే అక్కడ కాపలా ఉన్న కుర్రాళ్లు తల దించుకున్నారు. రెండో రోజు దారి ఇచ్చారు. తెలంగాణలో రేషన్ కార్డుకు 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. కార్డు లేని వలస కూలీలకు ఆ లెక్క వర్తించడానికి చాలా తిరగాల్సి వచ్చింది. ములుగు వైపు మిర్చి ఏరడానికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడుస్తూ నడుస్తూ, ఇంటికి దగ్గరలో ప్రాణం విడిచింది.

నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టర్ సుధాకర్, దళితుడు, ఎన్-95 మాస్కులు చాలడం లేదని 2020 ఏప్రిల్‌లో బయటికి చెప్పాడు. సస్పెండ్ చేశారు. మేలో విశాఖ నడిరోడ్డు మీద ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి ఉన్న ఆయన్ని దేశమంతా వీడియోలో చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో గుండె ఆగి చనిపోయాడు. ఆయన అడిగింది ఒక మాస్కు.

ఇంకో తేడా గురించి చెప్పి ఆపుతాను. 1918లో పాలించింది మన మీద ఏ ప్రేమా లేని వలస ప్రభుత్వం. అయినా చావుల రిజిస్టర్‌లో కులం రాసుకుంది, పట్టిక వేసింది. ఆ పట్టిక ఉంది కాబట్టే నూరేళ్ల తర్వాత నేను ఇది రాయగలుగుతున్నాను. కరోనాలో లాక్‌డౌన్ వల్ల ఎంతమంది వలస కూలీలు చనిపోయారని 2020 సెప్టెంబర్‌లో లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్క లేదని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది. కరోనా చావులు కులం వారీగా ఎన్ని అన్న పట్టిక అసలే లేదు. మన 61.6 ఎంతో 2120లో రాసేవాడికి దొరకదు.

అందుకే చిన్న పని అప్పగిస్తున్నాను. హాస్టళ్లలో ఉన్న విద్యార్థులు సెలవులకు ఊరికి పోయినప్పుడు, 2020, 2021ల్లో మీ వాడలో ఎవరెవరు పోయారో ఒక నోటు పుస్తకంలో రాయండి. పేరు, వయసు, ఏం పని చేసేవాళ్లు, ఏ ఆసుపత్రికి తీసుకుపోయారు, బెడ్ దొరికిందా, శవం ఎవరు మోశారు. సర్టిఫికెట్‌లో ఏం కారణం రాశారో కూడా చూడండి. ఇంట్లోవాళ్లు చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చేయొద్దు. ఫోటోలు పెట్టొద్దు, పేర్లు ఇక్కడ కామెంట్లలో రాయొద్దు. పుస్తకం మీ దగ్గరే ఉంచండి.

వచ్చే భాగం మశూచి, టీకాలవాళ్ల గురించి. ఊరి పొలిమేర దాటించిన అమ్మవారు ఎక్కడికి వెళ్లేదో అందులో రాస్తాను.